నల్లా నీటికి రాతికాలువ

కరీంనగర్‌లో మాకు ఇంటిస్థలం దక్కిన నాడు నేను మొదట తలచుకొన్నది పునాదిని గూర్చి. సింహద్వారం ఏ దిక్కున నిలపాలి, పూజగది ఎక్కడ ఉండాలి, పుస్తకాల అరలు ఏ గోడకు అమర్చాలి అని మనస్సులో ఇంటిని అప్పుడే కట్టుకొన్నాను. పురపాలక కార్యాలయంవారు నా కట్టడాన్ని ఒక్క మాటతో ఆపివేశారు. ఊరికి పడమటి దిక్కున కొత్తగా వెలుస్తున్న ఆ కాలనీలో ఎవరైనా పునాది త్రవ్వుకోవాలంటే ముందు స్థలంలోనికి నీరు రావాలి. వాడిన నీరు మోరీలోనికి పోయే దారి ఉండాలి. కరెంటు తీగ వచ్చే వీలున్నదని ఆ శాఖవారు ఒప్పుకోవాలి. ఈ మూడూ కుదిరిన పిమ్మటనే ఇంటికి అనుమతి. వానకాలం ప్రవేశించేలోగా అనుమతి తెచ్చుకొని పునాది వేయనివారి స్థలం వరుసలో తర్వాత ఉన్నవారికి పోతుంది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేండ్లయినది. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. నిజాం ఏలుబడిలో బడి చదువంతా ఉర్దూలో సాగుతుండగా, మా బాపు సాయంకాలాలు అరుగు మీద కూర్చోబెట్టి కావ్యపాఠం చెప్పి నన్ను ఈ వృత్తికి సిద్ధం చేశాడు. ఆయన పోయిన తర్వాత అవ్వ, అంటే మా అమ్మ, నాతోనే ఉండేది. మేము కిరాయికి ఉన్న ఇంట్లో మూడు కుటుంబాలకు కలిపి ఒకే బావి. అవ్వకు మడి ఆచారంలో పట్టుదల. తక్కినవాళ్ళు తాడు ముట్టుకోకముందే తెల్లవారుజామున స్నానం చేసి, తడిబట్టతో నీళ్ళు తోడుకొని, రాగిబిందె నింపి మూత పెట్టుకొనేది. చలికాలంలో ఆమె వణుకుతూ బావి గట్టు నుండి రావడం చూచినప్పుడల్లా, ఎవరూ ఆమె తాడు ముట్టుకోని ఇల్లొకటి కట్టి తీరాలని నేను నిశ్చయించుకొనేవాణ్ణి. ఆ స్థలానికి నేను పెట్టుకొన్న దరఖాస్తు వెనుక ఉన్న కారణం అదొక్కటే.

కనుక మొదట బావి త్రవ్వించడానికి పూనుకొన్నాను. కరీంనగర్ నేల సంగతి తెలిసినవారికి ఏమి జరిగిందో చెప్పనక్కరలేదు. పై మట్టి తీయగానే రాయి తగిలింది. పని చేసేవారు గునపాలతో కొంత పగులగొట్టారు. దాని కింద మరింత గట్టి రాయి కనబడింది. మందు పెట్టి పేల్చుదామంటే చుట్టూ ఇండ్లు లేస్తున్నాయి, దగ్గరలోనే దవాఖాన ఉన్నది. పేల్చడానికి వీల్లేదన్నారు. అర్ధాంతరంగా ఆగిన ఆ గుంట ప్రక్కన రాళ్ళకుప్ప మిగిలింది. ఇక నాకు ఉన్న మార్గం కుళాయి ఒక్కటే. మా వైపు దాన్ని నల్లా అంటాము. కాలనీ సడక్ వెంట పెద్ద గొట్టం అప్పటికే వేసి ఉన్నది. అక్కడి నుండి మా స్థలంలోనికి చిన్న గొట్టం తెచ్చుకొంటే నీటి షరతు తీరుతుంది.

ఆ సాయంత్రం ఈ శుభవార్త అవ్వకు చెప్పాను. ఆమె వత్తులు చేసుకొంటూ ఉన్నది.

“నల్లానా?” అన్నది తల ఎత్తకుండానే.

“నల్లానే అవ్వా. మన జాగలకే వస్తది. నీ తాడు ఎవ్వరు ముట్టుకోరు. అసలు తాడే అక్కరలేదు.”

“దాంట్ల తోలున్నది.”

నాకు అర్థం కాలేదు. నల్లాలో తోలేమిటని అడిగాను.

“నేను చూసిన. మన గల్లీల నల్లా ఖరాబైతె ఒకాయన వచ్చి ఊడదీసిండు. లోపల గింత బిళ్ళ. దాన్ని తీసి బండ మీద పెట్టిండు. కాకి వచ్చి ఎత్తుకపోయింది. తోలు కాకుంటె కాకి ఎందుకు ఎత్తుకపోతది?”

లోపలి నుండి నా భార్య నవ్వు వినిపించింది. నాకు నవ్వు రాలేదు. అవ్వ గొంతులో వాదన లేదు, కోపమూ లేదు. వంటింట్లో ఉప్పు నిండుకొన్నదని చెప్పినట్లు చెప్పింది. జంతుచర్మం తగిలిన నీటితో ఆమె వండుకోదు, త్రాగదు, దేవునికి అభిషేకం చేయదు. ఇది ఆమె పుట్టింటి నుండి తెచ్చుకొన్న నియమం. మా బాపు కూడా దాని జోలికి పోలేదు.

నాకు తెలిసిన శాస్త్రమంతా ఆ రాత్రి భోజనం ముందే ఆమె ఎదుట పరిచాను. పారే నీటికి దోషం లేదన్నాను. లోహం గుండా వచ్చిన నీరు శుద్ధమన్నాను. అవ్వ శ్రద్ధగా విన్నది. నా చదువు అన్నా, నేను మాట్లాడే తీరు అన్నా ఆమెకు మురిపెమే.

“నువ్వు చదివినవు నాయినా, నేను కాదంటలేను. గని నీ పుస్తకంల తోలు లేదు, నల్లాల ఉన్నది.”

“అయితే ఏం చేద్దమంటవ్?”

“మీరు కట్టుకోన్రి. మీరు, పిల్లలు తాగున్రి. నేను తమ్ముని దగ్గరికి పోత. ఆడ గోదారి ఉన్నది.”

ఆమె కోసం తలపెట్టిన ఇంటిలో ఆమె లేకుండా మేము కాపురముండడమా? అది జరగరాదని నాకు ఆ క్షణమే తెలుసు. స్థలాన్ని వదలుకొంటే మరొకటి దొరకదు, కిరాయి ఇంటి తాడు తప్పదు. కనుక స్థలమూ నిలవాలి, అవ్వా ఆ ఇంటికి రావాలి. ఈ రెంటిలో దేన్నీ విడువకూడదని నిర్ణయించుకొన్నాను.

కరెంటు విషయంలో మాత్రం ఆమె నాకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. స్తంభం మా స్థలానికి మూలగా పడుతుందని, తీగ ఇంటి మీదుగా వస్తుందని చెబితే, “దాంట్ల తోలుంటదా?” అని అడిగింది. లేదన్నాను. “అయితే రానీ” అన్నది. ఆ శాఖవారు వచ్చి కొలుచుకొని, స్తంభానికి గుంట త్రవ్వించి పోయారు. మోరీ కూడా స్థలం అంచునే పోతున్నది. మిగిలిందల్లా నీరు.

నీటి సరఫరా చూచే ఓవర్సీరు హైదరాబాదు నుండి వచ్చినవాడు. ఇంటి భాష ఉర్దూ అయినా మా వైపు తెలుగు చక్కగా మాట్లాడేవాడు. టాంకీ ప్రక్కన రేకుల గదిలో ఆయన కచ్చేరి. నా దరఖాస్తు చదివి, గొట్టం ఎక్కడి నుండి ఎక్కడికో గీత గీశాడు. అప్పుడు నేను కొంచెం సంకోచిస్తూనే, నల్లాలో తోలు బిళ్ళకు బదులు మరేదైనా వేయవచ్చునా అని అడిగాను.

“ఎందుకు పంతులు సాబ్?”

కారణం చెప్పాను. అవ్వ గోదావరి ఒడ్డున ఉన్న తమ్ముని ఊరికి పోతానన్నదీ చెప్పాను. ఆయన ఎగతాళి చేయలేదు. కలం క్రింద పెట్టాడు.

“మీ అమ్మగారికి నా సలాం చెప్పున్రి. గీ ఊర్లె ఇంతమంది నల్లాలు పెట్టిచ్చుకున్నరు. లోపలేమున్నదో ఒక్కరు గూడ అడుగలే.”

సైకిలు ట్యూబు నుండి గుండ్రంగా కత్తిరించిన రబ్బరు బిళ్ళ వేస్తే సరిపోతుందని చెప్పి, పనివానితో ఒకటి కత్తిరింపించి నా చేతిలో పెట్టాడు. యుద్ధంలో గెలిచినవాని వలె దాన్ని ఇంటికి తెచ్చాను. అవ్వ దాన్ని వేళ్ళతో వంచి చూచింది, వాసన చూచింది, వెలుతురుకు పట్టి చూచింది.

“ఇది తోలు గాదు” అని ఒప్పుకొన్నది.

“మరి?”

“సడక్ మీద ఏమున్నది?”

“సడక్ మీద ఏముంటదవ్వా?”

“రోజు పొద్దున ఒకాయన వస్తడు. గుంటల ఇనుప చావి పెట్టి తిప్పుతడు. తిప్పినంకనే గల్లీలకు నీళ్ళొస్తయ్. గా తిప్పేదాంట్ల ఏమున్నది?”

ఇన్నేండ్లుగా నేను ఆ వీధినే పోయి వస్తున్నాను. ఆ మనిషిని ఒకసారైనా గమనించి ఎరుగను. మరునాడు మళ్ళీ రేకుల గదికి పోయాను. నన్ను చూడగానే ఓవర్సీరు చేతులు కట్టుకొని కూర్చొన్నాడు.

“అమ్మగారు ఇంకేమన్నరు?”

చెప్పాను.

“ఉన్నది” అన్నాడు.

“తోలేనా?”

“తోలే. టాంకీ కాడ పెద్ద వాల్వుల ఇంక పెద్దది. పంతులు సాబ్, మీ నల్లాల బిళ్ళ తియ్యమంటె తీస్త. ఊరందరి వాల్వులు తియ్యమంటె నా నౌకరీ తీస్తరు. గప్పుడు నేను గూడ మీ మేనమామ ఊరికి వచ్చి గోదారి ఒడ్డున కూసోవాలె.”

ఇంటికి వచ్చేసరికి నా భార్య ఎదురు వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె అవ్వ గది వైపు ఒకసారి చూచి గొంతు తగ్గించింది.

“సడక్ మీద ఏం లేదని చెప్పరాదా?”

“అబద్ధం చెప్పి తాపుమంటవా?”

“అయితే నిజం చెప్పి ఎండబెట్టున్రి” అని లోపలికి పోయింది.

నిజమే చెప్పాను. అవ్వ తల ఊపి, చాపకింద మడిచి పెట్టుకొన్న చీరెలు తీసి మూట కట్టుకోసాగింది. అలుక అనుకొంటారేమో, కాదు. మాకు అడ్డం కాకుండా ఉండాలన్నదే ఆమె తలపు. “నేను పోతె నువ్వు నల్లా పెట్టించుకుంటవ్, ఇల్లు లేస్తది. నా కోసమని జాగ పోగొట్టుకోకు” అన్నది. నేను బడికి సెలవు పెట్టి ఆమెతో బయలుదేరాను. దింపి రావడానికి కాదు. ఆమె లేకుండా తిరిగి రానని ఆమెకు బస్సులోనే చెప్పాను. “అయితే నువ్వు గూడ ఆన్నే ఉండు” అని కిటికీలో నుండి బయటికి చూస్తూ కూర్చొన్నది.

మా మేనమామ ఊరు గోదావరి ఒడ్డున. ఒడ్డు అన్న మాటే గాని ఎండాకాలంలో నది ఇసుక మేటలకు ఆవల సన్నని పాయగా పారుతుంటుంది. ఇంటి బావి ఆ యేడు అడుగంటింది. వంటకు, త్రాగడానికి ఊరి చివర ఉన్న మామ చేను బావి నుండే తెచ్చుకొంటున్నారు. తెల్లవారగానే అవ్వ స్నానం చేసి, తడిబట్టతో బిందె తీసుకొని చేనికి బయలుదేరింది. నేనూ ఆమె వెనుకనే పోయాను.

మామ బావి మీద మోట నడుస్తున్నది. నేటి పిల్లలు మోటను చూచి ఉండరు. బావి గట్టు మీది గిలకకు మోకు, మోకు కొసన పెద్ద తోలుసంచి. ఎద్దులు వాలుదారిలో దిగుతుండగా సంచి నిండి పైకి వస్తుంది. దాని తొండం గట్టు మీది రాతితొట్టిలో నీటిని కుమ్మరిస్తుంది. ఎద్దులు వెనుకకు ఎక్కుతుండగా సంచి మళ్ళీ లోపలికి దిగుతుంది. తొట్టి నుండి నీరు మట్టికాలువలో పారి మిరపతోటకు పోతుంది. అవ్వ తొట్టి దగ్గర ఆగలేదు. కాలువ గట్టు వెంట కొంత దూరం నడిచి, అక్కడ వంగి, బిందె ముంచి, నింపుకొన్నది.

నేను బావి వైపు చూచాను, ఆమె వైపు చూచాను. నల్లగా నిగనిగలాడుతూ ఆ తోలుసంచి నీళ్ళు కారుస్తూ పైకి వస్తున్నది. దాని ముందు నల్లాలోని బిళ్ళ ఏపాటిది? అవ్వ బిందెను నడుమున ఎత్తుకొనేదాకా ఆగి అడిగాను.

“అవ్వా, గా మోట దేనిది?”

“ఏ మోట?”

“గదే. నీళ్ళు తోడుతున్నది.”

ఎద్దులను తోలుతున్న మా మామకు నా ఉద్దేశం అందింది. కరీంనగర్‌లో జరిగిన కథంతా రాత్రే విన్నాడు.

“అక్కా, చెప్పు ఇగ” అన్నాడు. “బర్రె తోలది. నేనే దగ్గర కూసొని కుట్టిచ్చిన. నీ కొడుకు పట్టుకున్నడు.”

అవ్వ ముఖంలో ఏ తొట్రుపాటూ కనిపించలేదు.

“నాకు తెల్వదారా? పుట్టినప్పట్నుంచి చూస్తలేనా? గని గీ నీళ్ళు భూమి మీద పారినయ్ గద. భూమి మీద పారినంక తోలెక్కడిది?”

అక్కడికక్కడే వాదానికి దిగి ఉంటే నేను గెలిచేవాణ్ణేమో. గెలిస్తే ఆమె మోటనీళ్ళు కూడా మానివేసేది. ఆమెను నేను ఎరుగుదును. కాని ఆ మాట వినగానే నా మనస్సు వాదం వైపు పోలేదు, మా స్థలం వైపు పోయింది. నల్లా వద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. తోలు తగిలిన నీరు నేరుగా బిందెలో పడడమే ఆమెకు అభ్యంతరం. నడుమ భూమి ఉంటే చాలు.

“ఎంత దూరం పారాలె అవ్వా?”

ఆమె బిందె దించింది. ఇటువంటి ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు. తొట్టి వైపు చూచి, తాను నిలిచిన చోటు చూచి ఆలోచించింది.

“ఒక చీరె పొడుగు.”

“మూరలల్ల చెప్పక్కా” అన్నాడు మామ ఎద్దులను నిలిపి. “వాడు పంతులు, లెక్క కావాలంటడు.”

“మూరలు నాకేం తెల్సు. మా అమ్మ, మా అమ్మమ్మ గట్లనే ముంచేటోళ్ళు. చీరె పిండి, ఒక కొస తొట్టికి ఆనిచ్చి, గట్టు మీద ఆరేసేది. రెండో కొస ఏడుంటె ఆడ బిందె ముంచుడు. చీరె ఆరేలోపల నీళ్ళు నింపుకొని పోవుడు.”

“గీ లెక్క నాకెప్పుడు చెప్పలే” అన్నాడు మామ.

“నువ్వు ఎప్పుడు నీళ్ళు మోసినవ్?”

మామ మళ్ళీ ఎద్దులను అదిలించాడు. నేను అవ్వను సూటిగా అడిగాను. మా స్థలంలో నల్లా కింద చీరె పొడవు కాలువ కట్టిస్తే, దాని కొసన ఆమె నీళ్ళు ముంచుకొంటుందా? ఆమె వెంటనే ఔననలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆలోచించుకొని, సాయంత్రం తన పాతచీరె ఒకటి మడిచి నా చేతికిచ్చింది. “కొలుచుకో. చిన్నగ చేసి మోసం చెయ్యకు” అన్నది. ఆమె లేకుండా రానని పట్టుబట్టినవాణ్ణి, ఆమె మాట తీసుకొని, ఆ చీరెతో ఒంటరిగానే తిరిగి వచ్చాను.

సడక్ వైపు అంచున నల్లా రావలసిన చోట నా భార్య చీరె ఒక కొస పట్టుకొన్నది. నేను రెండో కొస పట్టుకొని ఈశాన్యం మూలకు నడిచాను. ఆ మూల వచ్చింది గాని చీరె తీరలేదు. ఇంకా చాలా మిగిలింది.

“వంకర తిప్పితే ఒప్పుకొంటదా?” అన్నాను.

“చేన్ల కాలువ సక్కగ పోతదా ఎక్కడన్న?” అన్నది నా భార్య. మూలకు ముందుగానే ప్రక్కకు మళ్ళించి, గోడ రాబోయే గీతకు లోపలగా పరిచాము. దారిన పోయేవారు ఆగి చూస్తున్నారు. పంతులుగారు భార్యతో కలిసి ఖాళీ స్థలంలో చీరె ఆరవేస్తున్నారని వారు అనుకొని ఉండాలి. “మీ అవ్వకు చీరెడు కాలువ సరే. నాకు వంటింట్ల నల్లా కావాలె. గా బిళ్ళ తోలుదైన నాకు పట్టింపు లేదు” అని ఆమె చీరె మడుస్తూ షరతు పెట్టింది. ఒప్పుకొన్నాను.

ఓవర్సీరు అంత సులభంగా ఒప్పుకోలేదు. నల్లా కింద నీరు నేల మీద పారకూడదన్నది వారి నిబంధన. బురద అవుతుంది, దోమలు చేరుతాయి, చూడడానికి పైనుండి వచ్చేవారు తప్పు పడుతారు. నేను బడి విడువగానే ఆయన గదికి పోయి కూర్చొనేవాణ్ణి. ఆయన పని ఆయన చేసుకొనేవాడు, నాకు చాయ్ తెప్పించేవాడు, కుదరదని చెప్పేవాడు. మరునాడు మళ్ళీ పోయేవాణ్ణి. చివరకు ఒకనాడు తానే సైకిలెక్కి స్థలానికి వచ్చాడు.

“మట్టికాలువ అయితె నేను రాయలేను పంతులు సాబ్. సిమెంటు చేయించున్రి. చివర తొట్టి కట్టున్రి. తొట్టి నిండినంక ఎక్కువైన నీళ్ళు మోరీలకు పోవాలె. బురద లేకుంటె, నీళ్ళొచ్చినయ్, మోరీకి దారున్నదని రాసి సంతకం పెడుత.”

సిమెంటు భూమి కాదు. అవ్వ ఏమంటుందో అడగకుండానే నాకు తెలుసు. ఆయన స్థలం నడుమ నిలబడి, అర్ధాంతరంగా ఆగిన బావిగుంట వైపు, దాని ప్రక్కనున్న రాళ్ళకుప్ప వైపు చూచాడు. నేనూ అటే చూచాను.

“రాయి అయితే?” అన్నాను.

“రాయి అయితె నాకు ఖుషీ. అమ్మగారినే అడుగున్రి.”

ఆ వారం అంగడికి మామ బండి కట్టుకొని వచ్చాడు. అతనితో కబురు పంపాను. తిరిగి అతనే జవాబు తెచ్చాడు. ఆ స్థలం లోపలి నుండి తీసిన రాయి అయితే భూమే, ఎక్కడి నుండో బండి మీద తెచ్చినది అయితే వద్దు అని అవ్వ తీర్పు. “నేను గూడ ఒక మాట అన్న” అన్నాడు మామ. “రాయికి ఊరు పేరుంటదా అక్కా అని. నన్ను తిట్టింది.”

రాళ్ళను చదునుగా కొట్టించి, నడుమ లోతు చెక్కించి, ఒకదాని ప్రక్కన ఒకటి ఆనించి పరిపించాను. సందులకు సున్నం కావలసివచ్చింది. దాన్ని నానవేయడానికి స్థలంలోనే ఒక సున్నపుగుంట త్రవ్వించాను. దానికి నీళ్ళు కిరాయి ఇంటి బావి నుండి నేనూ నా భార్యా బిందెలతో మోశాము. ఎండకు నేల కాళ్ళు కాల్చేది. దక్షిణాన మబ్బులు కనిపించినప్పుడల్లా నేను పనివారిని తొందరపెట్టేవాణ్ణి. వరుసలో మా తర్వాత ఉన్నాయన రెండుమార్లు వచ్చి మా స్థలాన్ని చూచి, పలకరించి పోయాడు. మంచివాడే. అయినా ఆయన వచ్చిపోయిన పూటలలో నేను సరిగా అన్నం తినలేదు.

కాలువ ఆరింది, తొట్టి ఆరింది, గొట్టం వచ్చింది. నీళ్ళు వదిలే ముందురోజు మామ అవ్వను తీసుకొని వచ్చాడు. ఆమె ఇల్లు చేరగానే కాళ్ళైనా కడుక్కోకుండా స్థలానికి నడిచి, కాలువ వెంట ఈ కొస నుండి ఆ కొసకు పోయి వచ్చింది. మలుపు దగ్గర ఆగి, రాళ్ళ సందులను వేలితో తడిమింది. 

మరునాటి ఉదయం ఓవర్సీరు, పనివాడు వచ్చారు. అవ్వ తడిబట్టతో, రాగిబిందెతో కాలువ చివర నిలిచింది. సడక్ మీద వాల్వు తిప్పారు. మొదట గాలి బుసకొట్టింది. తర్వాత ఎర్రని తుప్పునీరు దగ్గుతూ వచ్చింది. ఆ పిమ్మట నీరు తేటపడి ధారకట్టింది. ఎండిన రాతి మీద దుమ్మును తోసుకొంటూ నీరు మలుపు తిరిగి, తొట్టిలోనికి దిగింది. అందరమూ అవ్వ వైపు చూస్తున్నాము. ఆమె బిందె వంచలేదు.

ఓవర్సీరు చేతి గడియారం చూచుకొన్నాడు. “అమ్మా, జర జల్ది. వాల్వు బంద్ చేసే టైమైతది.”

“ఆగు నాయినా. మొదటి నీళ్ళు పోవాలె.”

“మోరీల పోతున్నయమ్మా. సర్కారు నీళ్ళు.”

“తోలు గూడ సర్కారుదే గద. కడుక్కపోనీ.”

ఓవర్సీరు గడియారం మీద చొక్కా చేయి దించుకొని నవ్వును అణచుకొన్నాడు. నీరు తొట్టి నిండి అంచు దాటింది. మోరీలో సన్నగా చప్పుడు మొదలయినది. అప్పుడు అవ్వ వంగి, కాలువ కొసన దోసిలి పట్టి, ఆ నీళ్ళను పారబోసింది. రెండవ దోసిలి కూడా పారబోసింది. మూడవది కళ్ళకద్దుకొని త్రాగింది.  ఆమె నోటిలో నీటిని కొంచెంసేపు ఉంచుకొని మింగింది.

“మన బాయి నీళ్ళ లెక్క ఉప్పగ లేవు” అన్నది నా భార్యతో. “పప్పు జల్ది ఉడుకుతది.”

తర్వాత రాగిబిందె ముంచి నింపుకొని, మూత పెట్టి, ఎవరూ తాకని చోట, బావిగుంట గట్టు మీద నిలిపింది. ఓవర్సీరు సైకిలు సీటు మీద కాగితం ఆనించి, నీరు వచ్చినది, మోరీకి దారి ఉన్నది అని వ్రాసి సంతకం చేసి నాకిచ్చాడు. కరెంటువారి కాగితం అప్పటికే నా జేబులో ఉన్నది. రెంటినీ కలిపి ఆ మధ్యాహ్నమే కార్యాలయంలో ఇస్తానని అవ్వకు చెప్పాను.

“పునాదికి ముగ్గు ఎప్పుడు పోపిస్తవ్?”

“అనుమతి చేతికి రాంగనే. మంచిరోజు చూస్తున్న.”

“మరి సున్నం నానాలె గద. రేపు నీళ్ళు ఎప్పుడొస్తయో ఎవరు చూసిండ్రు? వస్తున్నప్పుడె పట్టుకోవాలె. చూసుకుంట నిలబడ్డవేంది? బిందెలు తెమ్మను.”

ఆమె ఆ మాట అనగానే నా భార్య చెంగు దోపుకొన్నది, మామ బండిలో నుండి ఉన్న గిన్నెలన్నీ దించాడు. వాల్వు మనిషి ఇనుప చావి పట్టుకొని సడక్ మీద గుంట వైపు నడుస్తున్నాడు. ఓవర్సీరు అతన్ని చేయెత్తి ఆపాడు. మేమందరం కాలువకు చెరొక ప్రక్క వంగి, సున్నపుగుంట నిండేదాకా నీళ్ళు ముంచి పోశాము.